డెంగీ తగ్గిన మూడో నెలలో రాలిన జుట్టు: ఒక కేస్ స్టడీ

మా నెల్లూరులో గట్టి వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడతాయి, ఈశాన్య రుతుపవనాలతో. ఆ వానల వెనకే డెంగీ వస్తుంది. ఇక సంక్రాంతి దాటిందంటే నా ఓపీలో జుట్టు రాలుతోందని వచ్చేవాళ్ళు ఒక్కసారిగా పెరిగిపోతారు. షాంపూ పడలేదనో, బోరు నీళ్ళు పడలేదనో, ఎవరిదో దిష్టి తగిలిందనో చెప్తారే గానీ, నవంబర్లో వచ్చి పోయిన జ్వరాన్ని మాత్రం ఒక్కరూ తలుచుకోరు. అది ఎప్పుడో తగ్గిపోయింది కదా మరి. ఇక్కడ రాస్తున్న కేసు కూడా అలాగే మొదలైంది, కాకపోతే దారిలో మూడు చోట్ల మలుపు తిరిగింది, అందులో ఒక చోట పొరపాటు నాదే, అందుకే పూర్తిగా రాయాలనిపించింది. ఆమె అనుమతి తీసుకున్నాను. గుర్తు పట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను.

ఆమెకు 29 ఏళ్ళు. బుచ్చిరెడ్డిపాళెం వైపు ఊరు, ప్రైవేటు స్కూల్లో టీచరు, నాలుగేళ్ళ పాప ఉంది. మార్చి రెండో వారంలో మొదటిసారి వచ్చింది. కుర్చీలో కూర్చోకముందే హ్యాండ్‌బ్యాగ్‌లోంచి జిప్ కవర్లు తీసి టేబుల్ మీద వరసగా పెట్టింది. మొత్తం పదకొండు. ప్రతి దాని మీదా పెన్నుతో తేదీ, దాని కింద ఒక అంకె, 140, 165, 212, ఇలా. రోజూ రాలిన వెంట్రుకలన్నీ నేల మీద నుంచి, దిండు మీద నుంచి, దువ్వెన లోంచి ఏరి లెక్కపెట్టి దాచిందట. చివరి కవరు మీద 430 అని ఉంది. "ఆ రోజు తలస్నానం చేశా మేడమ్, ఇక ఏడుపాగలేదు," అంది.

ఆ 430 సంగతి ముందు చెప్పాలి. రాలుతుందన్న భయంతో తొమ్మిది రోజులు తల రుద్దుకోలేదామె. ఊడిపోయిన వెంట్రుక వెంటనే కిందపడదు, మిగతా జుట్టులో చిక్కుకుని ఉండిపోతుంది, తల రుద్దుకున్న రోజు తొమ్మిది రోజులవీ కలిసి ఒకేసారి చేతికొస్తాయి. మనిషికి తల మీద లక్ష దాకా వెంట్రుకలుంటాయి, రోజుకు యాభై నుంచి వంద పోవడం ఎవరికైనా మామూలే. తొమ్మిది రోజులకు 430 అంటే రోజుకు 48. తక్కిన రోజుల్లో విడిగా పోయినవి కూడా కలిపితే మామూలు కన్నా ఎక్కువే, అందులో సందేహం లేదు, కానీ ఆమె ఊహించుకున్నంత ప్రళయం కాదు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. ఆ రోజు ఆమె ముఖంలో కాస్త తెరిపి కనిపించింది అప్పుడే.

ఇక జరిగిందేమిటంటే, నవంబర్ రెండో వారంలో డెంగీ, ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంది, ప్లేట్‌లెట్లు 38 వేలకు పడిపోయాయి. కోలుకుంది, స్కూలుకు వెళ్ళింది. భోగి రోజు తలంటుకుంటుంటే కుచ్చులు కుచ్చులుగా ఊడి వచ్చింది. అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చేలోపు ఆమె చేసినవి: రెండు వారాలు ఉల్లిపాయ రసం, తర్వాత మెంతుల ముద్ద, అత్తగారు కాచిచ్చిన గుంటగలగరాకు నూనె, వారానికోసారి కోడిగుడ్డు సొన. ఉప్పు నీళ్ళ వల్లేమోనని షవర్‌కు మూడున్నర వేలు పెట్టి ఫిల్టరు. ఎవరో చెబితే ఒక సెంటర్లో పీఆర్‌పీ, అంటే మన రక్తమే తీసి తిప్పి దానిలోని ప్లేట్‌లెట్ల భాగాన్ని తలకు ఇంజెక్షన్లుగా ఇవ్వడం, ఆరు సిట్టింగుల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టించుకున్నారు, రెండు అయ్యాయి. అక్కడ ఒక్క రక్తపరీక్ష కూడా చేయలేదు, జ్వరం వచ్చిందా అని అడగలేదు. అది వింటే నాకు నిజంగా కోపం వచ్చింది. చివరగా ఫిబ్రవరిలో, ఆన్‌లైన్‌లో పది శాతం మినాక్సిడిల్, అంటే జుట్టు మొలవడానికి మాడుకు రాసే మందు, తెప్పించుకుని మూడు వారాలు పూసింది, రాలడం ఇంకా పెరిగిందని భయపడి మానేసింది.

నేను మొదట చూసింది ఆ కవర్లనే. ఒకటి విప్పి కొన్ని వెంట్రుకలు నల్ల కాగితం మీద పరిచి, చర్మాన్నీ వెంట్రుకల్నీ పెద్దవిగా చూపించే డెర్మోస్కోప్ కింద పెట్టి ఆమెనే చూడమన్నాను. ఒక్కో వెంట్రుక చివర తెల్లగా, ఆవగింజలో పావు వంతు కూడా లేని చిన్న బుడిపె. మధ్యలో తెగిన ముక్కలు దాదాపు లేవు. ఆ తెల్ల బుడిపెను చూసే చాలామంది "కుదురుతో సహా పెరికేసుకొచ్చింది, ఇక మొలవదు" అని బెంబేలెత్తిపోతారు. అది కుదురు కాదు. విశ్రాంతి దశ పూర్తి చేసుకుని, తన కాలం అయిపోయి రాలిన వెంట్రుక గుర్తు అది. కుదురు చర్మం లోపలే ఉంటుంది. నీళ్ళ వల్లనో, స్ట్రెయిటెనింగ్ వల్లనో పాడైన జుట్టయితే మధ్యలో తెగుతుంది, ఈ బుడిపె ఉండదు. కాబట్టి ఉప్పు నీళ్ళ మీద మోపిన నేరం అక్కడికక్కడే కొట్టివేశాం. ఉప్పు నీళ్ళు జుట్టును గరుకుగా చేస్తాయి, చిక్కులు పడేలా చేస్తాయి, అంతే.

ఈ రాలడానికి టీలోజెన్ ఎఫ్లూవియం అని పేరు, 1961లో క్లిగ్‌మన్ అనే చర్మవైద్యుడు పెట్టాడు. వెంట్రుక రెండు నుంచి ఆరేళ్ళు పెరుగుతుంది, తర్వాత రెండు మూడు వారాల్లో పెరుగుదల ఆపేసి, సుమారు మూడు నెలలు ఊరికే ఉండి, రాలిపోతుంది. మామూలుగా వందలో పది పదిహేను మాత్రమే ఆ విశ్రాంతిలో ఉంటాయి. పెద్ద జ్వరం, ప్రసవం, ఆపరేషన్, కడుపు మాడ్చుకునే డైటింగ్ లాంటిది ఏదైనా తగిలితే ఎక్కువ వెంట్రుకలు ఒకేసారి పెరగడం మానేసి విశ్రాంతిలోకి వెళ్తాయి. అవి రాలేది రెండు మూడు నెలల తర్వాత. నవంబర్ జ్వరానికి జనవరిలో భోగి తలంటు. నేను ఆమెకు చెప్పింది ఇంతే: ఈ రోజు మీ చేతిలో ఉన్న వెంట్రుక నవంబర్లోనే వెళ్ళిపోవడానికి సిద్ధమైంది, మీరు ఏ నూనె రాసినా, రాయకపోయినా అది ఎలాగూ రాలిపోయేదే. ఇంకో సంగతి కూడా ఉంది. కారణం పోతే ఈ రాలడం మూడు నుంచి ఆరు నెలల్లో దానంతటదే తగ్గుతుంది. అందుకని నాలుగో నెలలో ఎవరు ఏది రాసుకుంటే దానికే పేరొస్తుంది. ఉల్లిపాయ రసానికి మా జిల్లాలో ఇంత కీర్తి రావడానికి కారణం ఇదేనని నా నమ్మకం. దాని మీద 2002లో ఒక చిన్న అధ్యయనం వచ్చిన మాట నిజమే, కానీ అది పేనుకొరుకుడు మీద చేసింది, ఇలా జ్వరం తర్వాత రాలే జుట్టు మీద కాదు.

జుట్టు పాయను వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా లాగి చూసే పరీక్ష చేశాను. యాభై అరవై వెంట్రుకలు పట్టుకుంటే ఎనిమిది వచ్చాయి, నాలుగు వైపులా అంతే. పాపిడి కొంచెం వెడల్పుగా అనిపించింది కానీ ఇంత రాలుతున్నప్పుడు ఎవరికైనా అలాగే కనిపిస్తుంది కదా అని, ఫొటో తీసి పక్కన పెట్టాను.

రక్తపరీక్షల దగ్గర కథ మారింది.

ఆమె ఆసుపత్రి ఫైల్లో ఫెరిటిన్ 780 అని ఉంది. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష అది. "ఐరన్ బాగా ఎక్కువుందన్నారు మేడమ్, అందుకే ఎప్పట్నుంచో వేసుకుంటున్న ఐరన్ మాత్రలు ఆపేశా." ఇక్కడ చాలామంది మోసపోతారు. జ్వరంలో, ముఖ్యంగా డెంగీలో, ఫెరిటిన్ అమాంతం పెరిగిపోతుంది, అది నిల్వకు కొలత కాదు, ఒంట్లో జబ్బు రేపిన ఇన్‌ఫ్లమేషన్‌కు గుర్తు. మళ్ళీ చేయిస్తే ఫెరిటిన్ 11, అంటే నిల్వ అడుగంటింది. హిమోగ్లోబిన్ 10.2, అదీ తక్కువే. పాప పుట్టాక కాపర్‌-టీ వేయించుకుంది, అప్పటి నుంచి నెలసరిలో ఏడు రోజులు బాగా ఎక్కువగా పోతోందట. "అది అందరికీ ఉండేదే కదా" అనుకుని ఎవరికీ చెప్పలేదు. జుట్టు డాక్టరు నెలసరి గురించి ఎందుకు అడుగుతుందో అని మొదట కొంచెం ఇబ్బందిపడింది కూడా.

ఇక నా పొరపాటు. అదే రక్తంలో థైరాయిడ్ కూడా చూపించాను. థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్ 0.09 వచ్చింది, అంటే బాగా తక్కువ, థైరాయిడ్ తయారుచేసే టీ4 ఎక్కువ. కాగితం చూస్తే థైరాయిడ్ అతిగా పనిచేస్తున్నట్టే, జుట్టు రాలడానికి అదీ ఒక కారణమే, ఎండోక్రైనాలజిస్టుకు, అంటే హార్మోన్ల డాక్టరుకు, ఉత్తరం సగం రాసేశాను. అప్పుడు తలెత్తి మనిషిని చూశాను. నాడి 76, చేతుల్లో వణుకు లేదు, బరువు తగ్గలేదు, చెమటలు లేవు. పెన్ను పక్కన పెట్టి అడిగాను, ఇంకేమైనా వేసుకుంటున్నారా అని. మొదటి రోజు "మందులు ఏమైనా వాడుతున్నారా?" అంటే లేవంది. ఇప్పుడు సంచిలోంచి డబ్బా తీసింది. బయోటిన్ పది మిల్లీగ్రాములు, రెండు నెలలుగా రోజూ.

"ఇది మందు కాదు కదా మేడమ్, విటమినే కదా!"

పెద్దవాళ్ళకు రోజుకు 30 మైక్రోగ్రాముల బయోటిన్ సరిపోతుంది. ఈ మాత్రలో ఉన్నది 10,000 మైక్రోగ్రాములు. చాలా ల్యాబుల్లో థైరాయిడ్ పరీక్ష పద్ధతిలోనే బయోటిన్‌ను అతికించే జిగురులా వాడతారు, రక్తంలో అది విపరీతంగా ఉంటే టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 ఉన్నదానికంటే ఎక్కువగా తప్పు లెక్క వస్తుంది. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా ఇలాగే తప్పు చూపించవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. మాత్ర ఆపించి వారం తర్వాత అదే ల్యాబులో మళ్ళీ చేయించాను. టీఎస్‌హెచ్ 2.6. థైరాయిడ్ శుభ్రంగా ఉంది. ఆ డబ్బా గురించి తెలియకపోతే ఆమె లేని జబ్బుకు మందు మొదలుపెట్టేదేమో. అప్పటి నుంచి నేను "మందులు వాడుతున్నారా" అని అడగడం మానేశాను. నోట్లో వేసుకునేవన్నీ, తలకు రాసేవన్నీ, డబ్బాలతో సహా తీసుకురండి అని అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే చెప్పిస్తున్నాను.

మందు చీటీ చాలా చిన్నది. ఐరన్ మాత్ర రోజు మార్చి రోజు, నిమ్మరసంతో, టీ కాఫీలకు రెండు గంటలు దూరంగా. ఐరన్ నిల్వ తక్కువున్న ఆడవాళ్ళలో రోజూ వేయడం కన్నా ఇలా వేస్తే ఒంటికి బాగా పడుతుంది, కడుపు ఉబ్బరం కూడా తక్కువ. కాపర్‌-టీ విషయం గైనకాలజిస్టుకు ఉత్తరం. రోజుకు రెండు గుడ్లు, తలకు కాదు, నోటికి. వారానికి రెండుసార్లు తలస్నానం, భయపడకుండా. మిగిలిన నాలుగు పీఆర్‌పీ సిట్టింగులు వద్దన్నాను. బట్టతల తరహా పలచబాటులో కొందరికి అది కొంత పనిచేస్తుంది కానీ జ్వరం తర్వాత రాలేదానికి దానితో పని లేదు. డబ్బు తిరిగి రాలేదు, ఆ మాట చెప్తే ఆమె భర్త కాసేపు మాట్లాడలేదు.

అసలు కష్టమైన మందు ఇంకొకటి, లెక్కపెట్టడం ఆపమనడం. జిప్ కవర్ల మీద ఆమెకు అంత పట్టుంది. ఇంట్లో అన్నంలో వెంట్రుక వచ్చిందని ఒకసారి అత్తగారు కంచం పక్కకు నెట్టేసిందట, ఆ రోజు నుంచి వంటింట్లోకి చున్నీ కట్టుకుని వెళ్తోంది. స్కూల్లో మల్లెపూలు పెట్టుకోవడం మానేసింది, జడ సన్నబడిందని ఎవరైనా చూస్తారని. రాత్రి రెండు గంటలకు లేచి దిండు మీద టార్చి వేసి చూస్తోంది. ఇదంతా "టెన్షన్ పడకండి" అంటే పోయేది కాదు, ఆ మాట నేను అనను. టెన్షన్ పడితే రాలుతుందని ముందే చదువుకుని వచ్చి, రాలుతోందని టెన్షన్, టెన్షన్ పడుతున్నానని ఇంకో టెన్షన్. అందుకని లెక్కను తీసేయకుండా మార్చాం. రోజూ కాకుండా, పదిహేను రోజులకు ఒకసారి, తల రుద్దుకున్న రోజు మాత్రమే. దానితో పాటు ఆమెకే తట్టిన ఇంకో కొలత, రబ్బరు బ్యాండు. జ్వరానికి ముందు జడ పైన బ్యాండు మూడు చుట్లు తిరిగేది, మార్చిలో ఐదు తిరుగుతోంది. ఇది నాకు చాలా నచ్చింది. ఏ మెషీనూ అక్కర్లేదు, ఎన్ని పోయాయో కాదు, ఎంత ఉందో చెప్తుంది. ఇప్పుడు వేరేవాళ్ళకూ చెప్తున్నాను. నిద్ర, ఆకలి, మనసు గురించి విడిగా అరగంట మాట్లాడాం. అవసరమైతే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతానన్నాను, రెండు వారాల్లో నిద్ర కుదురుకుంది కాబట్టి అవసరం పడలేదు.

ఏప్రిల్లో వాళ్ళమ్మగారు కూడా వచ్చారు. పెంచలకోనలో తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నారట కూతురి తరఫున. "గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుంది కదా డాక్టరమ్మా?" మొక్కు మీకూ ఆ నరసింహస్వామికీ మధ్య సంగతి, అందులో నేను జోక్యం చేసుకోను, కానీ వైద్యంగా అయితే గుండు వల్ల కుదురు మారదు అని చెప్పాను. కత్తి కోసిన చివర మొద్దుగా ఉంటుంది గనక చేతికి ఒత్తుగా తగులుతుంది, అంతే. చివరికి మూడు కత్తెర్లు ఇచ్చి వచ్చారు. అందరికీ మనసు తేలికపడింది.

మే నెలాఖరుకు రాలడం తగ్గింది. జూలైలో నుదుటి దగ్గర అంగుళం, అంగుళంన్నర పొడవున చిన్న వెంట్రుకలు, నూనె రాసినా అణగకుండా లేచి నిలబడి ఉన్నాయి. "ఇవేంటి మేడమ్, తెగిపోతున్నాయా?" అని వాటి మీద కూడా భయపడింది. చివర్లు సన్నగా కొసదేరి ఉన్నాయి, తెగినవైతే మొద్దుగా ఉంటాయి, ఇవి కొత్తగా మొలిచినవి. ఫెరిటిన్ 38, హిమోగ్లోబిన్ 12.1. కాపర్‌-టీ అప్పటికే తీయించుకుంది.

ఇక్కడితో ఆపేస్తే మంచి కథే. కానీ మార్చి ఫొటో, జూలై ఫొటో పక్కపక్కన పెట్టి చూస్తే పక్కల జుట్టు నిండుతోంది, పాపిడి మాత్రం నిండలేదు. ముందువైపు వెడల్పు, వెనక్కి పోయేకొద్దీ సన్నం. డెర్మోస్కోప్‌లో పాపిడి దగ్గర లావు వెంట్రుక పక్కనే నూగులాంటి సన్నవి కలగలిసి ఉన్నాయి, తల వెనక భాగంలో అన్నీ ఒకే లావు. ఏప్రిల్లో వాళ్ళమ్మగారు నా ఎదురుగా కూర్చున్నప్పుడు ఆవిడ పాపిడి నేను చూసే ఉన్నాను, అచ్చం ఇదే ఆకారం. ఆడవాళ్ళలో వంశపారంపర్యంగా వచ్చే పలచబాటు ఇది, లుడ్విగ్ అనే వైద్యుడు 1977లో మూడు స్థాయిలుగా విభజించాడు, ఆమెది మొదటి స్థాయి. అది జ్వరానికి ముందు నుంచే మెల్లగా మొదలై ఉంటుంది, ఒత్తు జుట్టు వెనక దాక్కుంది, డెంగీ ఆ తెరను లాగేసింది. మొదటి రోజే కచ్చితంగా చెప్పగలిగేదాన్నా అంటే లేదు, రెండూ కలిసున్నప్పుడు రాలడం ఆగితేనే రెండోది విడిగా తేలుతుంది.

అప్పుడు మళ్ళీ మినాక్సిడిల్ దగ్గరికి వచ్చాం. ఆమె వెనక్కి జరిగింది. బీపీ మందంట కదా అంది. నిజమే, మొదట అది బీపీ మాత్రే, వేసుకున్నవాళ్ళకు ఒళ్ళంతా వెంట్రుకలు పెరుగుతున్నాయని గమనించాకే తలకు రాసే ద్రావణం చేశారు, 1988లో మగవాళ్ళకు, 1991లో ఆడవాళ్ళకు అమెరికాలో అనుమతి వచ్చింది. పది శాతం అక్కర్లేదు, ఐదు శాతం, రాత్రి ఒక్కసారి, ఒక మిల్లీలీటరు, జుట్టుకు కాదు మాడుకు. పడుకునే గంట రెండు గంటల ముందే రాసుకోవాలి, లేకపోతే దిండు మీద నుంచి ముఖానికి అంటి చెంపల మీద నూగు వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, మొదటి రెండు నుంచి ఎనిమిది వారాల్లో రాలడం పెరగవచ్చని క్యాలెండర్లో ఆ వారాల చుట్టూ గీత గీసి ఇచ్చాను. విశ్రాంతిలో ఉన్న కుదుళ్ళను ఈ మందు లేపి కొత్త వెంట్రుక పంపిస్తుంది, అది వస్తూ పాతదాన్ని బయటకు నెడుతుంది. ఫిబ్రవరిలో ఆమె మూడో వారంలో మానేసింది సరిగ్గా ఆ గడ్డు రోజుల్లోనే, పైగా జ్వరం తాలూకు రాలడం కూడా అప్పుడు ఉధృతంగా ఉంది. ఏది దేనివల్లో ఎవరికీ తెలిసే వీలు లేదు.

నాలుగో వారంలో ఫోన్ చేసింది. గొంతు వణుకుతోంది. క్యాలెండర్ చూడండమ్మా అన్నాను. "గీత లోపలే ఉంది మేడమ్," అంది, పెట్టేసింది. ఈసారి ఆపలేదు.

నవంబర్లో వానలు మొదలవగానే ఇంటిల్లిపాదీ దోమతెరల్లో పడుకున్నారు. జనవరిలో, అంటే మినాక్సిడిల్ మొదలుపెట్టిన ఆరో నెలలో, పాపిడి ఫొటోలో తేడా నాకే కాదు, ఆమె భర్తకూ కనిపించింది. మార్చికి బ్యాండు నాలుగు చుట్లు. మూడుకు రాలేదు. జడ చివర ఇంకా సన్నగానే ఉంది, జుట్టు నెలకు సుమారు సెంటీమీటరే పెరుగుతుంది, ఏడాది కింద మొలిచింది ఇప్పుడు జానెడు కూడా లేదు, నడుము దాకా ఎప్పుడు రావాలి? ఇది ముందే చెప్పాలి, చెప్పకపోతే బాగవుతున్నవాళ్ళు కూడా జడ కొస చూసుకుని బాగవడంలేదనే అనుకుంటారు.

ఆ మార్చి విజిట్‌లోనే ఆమె రెండో బిడ్డ గురించి అడిగింది. ఇలాంటి పలచబాటుకు వాడే ఫినాస్టెరైడ్, స్పైరనోలాక్టోన్ లాంటి మాత్రలు నేను ఆమెకు మొదటి నుంచీ రాయకపోవడానికి కారణం ఇదే, గర్భంలో బిడ్డకు హాని. మినాక్సిడిల్ కూడా గర్భానికి ప్రయత్నించే ముందే ఆపాలి. ఆపితే నాలుగైదు నెలల్లో పాపిడి దగ్గర వచ్చిన లాభం పోతుంది, ప్రసవమయ్యాక మూడో నెలలో మళ్ళీ ఒక విడత రాలుతుంది. ఏదీ దాచకుండా నెలలతో సహా ఆమె ఫైలు మీదే రాశాను. కాసేపు ఆ కాగితం చూసి, "అయితే వచ్చే భోగికి కాదు, ఆపై భోగికి మళ్ళీ రాలుతుందన్నమాట," అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఐరన్ ఎప్పటిదాకా వేసుకోవాలి, ఫెరిటిన్ మళ్ళీ ఎప్పుడు చూపించాలి అని రాసుకుంది. జూన్‌లో మినాక్సిడిల్ ఆపాలని ఇద్దరం అనుకున్నాం. లేచేటప్పుడు జడ ముందుకు వేసుకుని రబ్బరు బ్యాండు బిగించుకుంది, నాలుగు చుట్లు, జడలో రెండు మూరల మల్లెపూలు.